పేడ దిబ్బ పక్కనే బోరు వేయండి

కదిరి చుట్టుపక్కల నాలుగు సీమావులు కట్టుకున్న రైతుకు పాల కంటే సలహాలే ఎక్కువ దొరుకుతాయి. పశువుల డాక్టరు ఒకటి చెప్తాడు, రైతు సేవా కేంద్రంలో పిల్లవాడు ఇంకొకటి, ప్రకృతి సేద్యం వాళ్ళు మరొకటి. తిప్పి తిప్పి అందరిదీ ఒకటే పాట: చేను నుంచి తీసింది చేనికే చేర్చు. ఆ పాటతో విసిగిపోయిన వాళ్ళ కోసం ఈ సలహాలు. తు.చ. తప్పకుండా పాటిస్తే నాలుగేళ్ళు తిరిగేసరికి చేను, ఆవు, బోరు మూడూ ఒకేసారి చేతులెత్తేస్తాయి.

శనక్కాయ చెట్టును వేరుతో సహా పీకి, కాయ వొలిచి, ఆకు రాలకుండా కట్టెను ఇంటికి తోలి వామి వేయండి. ఇంతవరకు మీ తాత చేసిందే. కదిరి పరిశోధనా స్థానం కె-6 రకం ఇచ్చినా, కదిరి లేపాక్షి రకం ఇచ్చినా కాయ మనకు, కట్టె ఆవుకు. అందులో తప్పేమీ లేదు. తప్పు చేయాల్సింది ఆ తర్వాత. ఆవు తిన్న మేతలోని నత్రజనిలో నాలుగో వంతు, అటూ ఇటూగా, పాలలోకి పోతుంది. మిగిలిన ముప్పాతిక పేడగా, పంచితంగా కొట్టంలోనే పడుతుంది. అంటే మీ ఎర్ర గరప నేల కూడబెట్టుకున్న సత్తువంతా ఇప్పుడు మీ కాళ్ళ కింద ఉంది. అది మళ్ళీ చేనికి పోకుండా ఆపడమే అసలు విద్య. మన జిల్లా నేలల్లో గంధకం, జింకు, బోరాన్ తక్కువని ఇక్రిశాట్ వాళ్ళు ఎప్పుడో తేల్చారు. తేలిస్తే తేల్చనీండి, లేనివాడి దగ్గర లాక్కోవడమే కదా లోకం పోకడ.

ముందు పంచితం సంగతి చూడండి. ఆవు బయటికి వదిలే నత్రజనిలో సగం దాకా, పొటాష్‌లో చాలా భాగం పంచితంలోనే ఉంటాయి. పేడకు ఎంతోకొంత మర్యాద ఉంది, పిడకగానైనా గోడెక్కుతుంది. పంచితానికి అదీ లేదు, కాబట్టి పని సులువు. కొట్టంలో బండలు పరిచి, వాలు వీధి కాలువ వైపుకు పెట్టండి. మిల్లు నుంచి శనక్కాయ పొట్టు తెచ్చి ఆవుల కింద పరిస్తే పంచితాన్ని పీల్చుకుంటుందని, ఆ పొట్టే మంచి ఎరువవుతుందని కొందరు చెప్తారు. వినకండి. గాలి ఆడకుండా కొట్టం చుట్టూ పట్టలు కూడా కట్టేస్తే, తెల్లారి తడిక తీయగానే కళ్ళు చుర్రుమని మండుతాయి, గొంతులో దగ్గు తన్నుకొస్తుంది. అది అమ్మోనియా. మీ యూరియా గాల్లో కలిసిపోతున్న వాసన. గట్టిగా ఒకసారి పీల్చి, బజారుకు పోయి యూరియా బస్తా కొనుక్కురండి.

ఇక దిబ్బ. గుంత తవ్వకండి, నీడ వేయకండి, మట్టి కప్పకండి. ఊరి వాలుకు, బోరుకు పది అడుగుల పైన కుప్ప పోయండి. ఏప్రిల్, మే ఎండకు పైపొర పెళుసెక్కి పొడి పొడిగా లేస్తుంది. మన వైపు ఏడాదికి పడేది 550 మిల్లీమీటర్లే అయినా, సెప్టెంబరులో ఒక్క రాత్రి కుమ్మరిస్తే చాలు. మర్నాడు దిబ్బ అడుగు నుంచి టీ డికాక్షన్ రంగు నీళ్ళు సన్నగా, ఆగకుండా కారుతుంటాయి. ఆ దారికి అడ్డం కట్టకండి. కొంత వంకలో కలిసి చెరువులో పచ్చటి నాచు పెంచుతుంది, కొంత భూమిలో దిగి బోరును చేరుతుంది. తాగే నీళ్ళలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. దాటితే సీసా పాలు తాగే పసిబిడ్డల ఒళ్ళు నీలంగా మారే జబ్బు రావచ్చు. మరగబెడితే పోతుందని పక్కింటామెకు ధైర్యం చెప్పండి. నీళ్ళు ఆవిరై నైట్రేట్ ఇంకా చిక్కబడుతుంది గానీ, ఆ సంగతి ఆమెకు చెప్పాల్సిన పని లేదు.

ఇంత చేసినా దిబ్బలో ఇంకా సారం మిగిలితే అమ్మేయండి. బాగా మాగిన పశువుల ఎరువు టన్నులో సుమారు ఐదు కిలోల నత్రజని, రెండు కిలోల భాస్వరం, ఐదు కిలోల పొటాష్ ఉంటాయి. హిందూపురం, మడకశిర వైపు మల్బరీ తోటలకు ఎకరాకు ఏడాదికి ఎనిమిది టన్నులు వేయమని పట్టు పరిశ్రమ వాళ్ళు చెప్తారు, కాబట్టి గిరాకీకి కొదవ లేదు. ఆ డబ్బుతో డీఏపీ కొనండి. అందులో పొటాష్ చిటికెడు కూడా ఉండదు. పోయినది పొటాష్, తెచ్చినది డీఏపీ, లెక్క సరిపోయింది.

ఆవుల్ని గుట్టకు తోలి మేపేవాళ్ళకు ఇంకో సౌకర్యం ఉంది. పొద్దంతా బీళ్ళలో, శనక్కాయ కోసిన చేలలో తిరిగిన మందను మధ్యాహ్నం తొట్టి దగ్గర ఒకే చింతచెట్టు కిందికి చేర్చండి. రోజూ అదే చెట్టు. ఇరవై ఎకరాల్లో మేసింది అంతా నాలుగు సెంట్ల నీడలో పడుతుంది. తిమ్మమ్మ మర్రిమానులా అయిదెకరాలు పరుచుకున్న చెట్టయితే పేడ కాస్తయినా చెదిరేది, మన చింతచెట్టుకు ఆ భయం లేదు. పూర్వం రాత్రికో చోట మంద కట్టించేవాళ్ళు. కంచె మార్చుకుంటూ, చేనంతా వరసగా తడిపేవాళ్ళు. ఆ రాత్రికి కాపరికి గింజలో డబ్బో ముట్టజెప్పేవాళ్ళు. పేడకు ఎదురు డబ్బులివ్వడమా! న్యూజీలాండ్‌లో ఆవు పంచితం పోసిన చోట నత్రజని కుప్పపడి నీళ్ళలోకి దిగుతోందని తలలు పట్టుకుని, 2021 జులై నుంచి మేత భూములకు రసాయన నత్రజని హెక్టారుకు ఏడాదికి 190 కిలోలు దాటకూడదని కట్టడి పెట్టారు. చాదస్తం కాకపోతే ఏమిటి?

మేత గురించి ఎక్కువ చెప్పను, ఇందులో మన వాళ్ళు ఇప్పటికే ఆరితేరారు. ఖనిజ మిశ్రమం రోజుకు 50 గ్రాములు పెట్టమంటారు, మానేయండి. భాస్వరం చాలక ఆవు గోడలు నాకుతుంది, ఎముకలు కొరుకుతుంది, గుమ్మం ముందు చెప్పులు నములుతుంది. దృష్టి తగిలిందని ఎర్రదారం కట్టి, చెప్పులు ఇంట్లో పెట్టుకోండి. ఎండుగడ్డికి యూరియా పట్టించడం మరీ పెద్ద తతంగం: 100 కిలోల గడ్డికి నాలుగు కిలోలు నీళ్ళలో కలిపి చల్లి, గాలి చొరకుండా కప్పి, మూడు వారాలు ఆగాలట. ఆగలేనివాడు చారెడు యూరియా కుడితిలోనే కలుపుతాడు. గంట తిరక్కముందే ఆవు కడుపుబ్బి, నురగలు కక్కి, కాళ్ళు బిగదన్నుకుంటుంది. ఆ తర్వాత దాణా ఖర్చే ఉండదు. వాన ముఖం చాటేసిన ఏడు జొన్న కోసిన మోళ్ళ మీద లేచిన లేత పిలకలు ఉన్నాయే, నాము, దాని మీదికి ఆకలితో ఉన్న ఆవును వదిలినా ఫలితం ఇంతే త్వరగా కనబడుతుంది.

ఇంత చేశాక ఎవరైనా మట్టి పరీక్ష చేయించమంటే భయపడకండి. చేనులో ఎనిమిది పది చోట్ల గడ్డపారతో ‘వి’ ఆకారంలో జానెడు లోతు గుంతలు తీసి, మట్టి కలిపి, గట్ల దగ్గరా చెట్ల కిందా దిబ్బల దగ్గరా తీయకుండా నమూనా పంపమంటారు. మీరు తిన్నగా దిబ్బ అడుగుకే పోయి, నల్లటి మట్టి అరకిలో ఎత్తండి. కార్డులో నత్రజని ఎక్కువ, భాస్వరం ఎక్కువ, పొటాష్ ఎక్కువ అని వస్తుంది. దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి గోడకు తగిలించి, శనక్కాయ మొక్క పసుపుపచ్చగా ఎందుకుందని అడిగినవాళ్ళకు చూపించండి.