నురగకు మందు, మురుగుకు దండం

యమునలోకి మురుగు ఏడాది పొడవునా దిగుతుంది. ఢిల్లీ ప్రభుత్వం కంటికి అది, నదిలో నిలబడి సూర్యుడికి అర్ఘ్యమిచ్చే ఛఠ్ పూజ దగ్గరపడ్డాకే ఆనుతుంది. కాళింది కుంజ్ దగ్గర పడవలు దిగి, నురగ విరిచే మందు చల్లుడు మొదలవుతుంది. పార్టీలు మారినా ఈ ఆచారం మారలేదు.

సబ్బునీళ్లు, శుద్ధి చేయని మురుగు కలిసి నదిలో చేరతాయి. ఓఖ్లా బరాజ్ గేట్ల నుంచి పడేటప్పుడు ఆ నీరు చిలికినట్టయి పొంగుతుంది. మందు బుడగను పగలగొడుతుంది, అంతే. సబ్బు నీళ్లలోనే ఉంటుంది. మలంతో వచ్చిన కోలిఫాం బ్యాక్టీరియాకు పైన మందు చల్లిన సంగతే తెలియదు.

మందును మించిన ఘనకార్యం 2021 నాటి వెదురు దడి. మేకలు చేలో పడకుండా కంచె వేసినట్టు, నురగ స్నానఘట్టాలకు రాకుండా నదిలో గడలు పాతి దడి కట్టారు. సందుల్లోంచి నీరు పోతుంది, నీటితోపాటు బ్యాక్టీరియా పోతుంది. ఆగేదల్లా ఫొటోల్లో పరువు తీసే తెల్లటి నురగే. అదీ చాలదని పడవల్లోంచి నీళ్లు చిమ్మారు. నది మీద నీళ్లు!

మరుసటి ఏడు మందే విషమన్న గొడవ లేచింది. ఢిల్లీ జల బోర్డు అధికారి ఒకరు అదే నీళ్లతో స్నానం చేసి, ఏ ప్రమాదమూ లేదని చూపించారు. ఒకరి స్నానంతో నీటి పరీక్ష అయిపోయేట్టుంటే ల్యాబులెందుకు?

స్నానపు నీటికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పెట్టిన ప్రమాణం 100 మిల్లీలీటర్లకు 500 మల కోలిఫాం, మరీ అయితే 2,500. ఢిల్లీ దిగువన ఆ లెక్క లక్షల్లో తేలిన నెలలున్నాయి. వజీరాబాద్ నుంచి ఓఖ్లా దాకా ఉన్నది 22 కిలోమీటర్లు. నది పొడవులో 2 శాతం కూడా లేని ఆ ముక్కలోనే కాలుష్యంలో దాదాపు నాలుగింట మూడు వంతులు కలుస్తోంది. నగరం మురుగును మోసుకొచ్చే నజఫ్‌గఢ్ నాలా నదిలో ఎక్కడ కలుస్తుందో తెలియని ఇంజినీరు లేడు. తెలిసీ వదిలేసి, మొలలోతు మురుగులో నిలబడి అర్ఘ్యమిచ్చే ఆడవాళ్లకు నురగ లేని నీళ్లు చూపించడం పచ్చి మోసం.

ఈ కంటితుడుపు ఢిల్లీ ఒక్కదానిదే కాదు. బెంగళూరులో బెళ్లందూరు చెరువు నురగ రోడ్డెక్కకుండా వలలు కట్టారు. హుస్సేన్‌సాగర్‌లో నాలాల మురుగు చేరుతుండగానే కంపు తగ్గించే సూక్ష్మజీవుల ద్రావణం చల్లారు.

చేయాల్సిన పని కొత్తదేమీ కాదు. నాలాలను నదికి చేరకముందే మళ్లించి శుద్ధి చేయాలి. చివర్లో క్లోరిన్ గానీ అతినీలలోహిత కిరణాలు గానీ తగలకపోతే, తేటగా కనిపించే నీటిలోనూ బ్యాక్టీరియా మిగిలే ఉంటుంది. నాలావారీగా కోలిఫాం లెక్కలు ఘట్టాల దగ్గర బోర్డు మీద రాసిపెట్టేదాకా మందు పడవకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకూడదు.