99 రూపాయలకే కోటీశ్వరుడు!

ఒకప్పుడు అమీర్‌పేటలో కోర్సు చేసినవాడు ఉద్యోగం వెతుక్కునేవాడు. ఇప్పుడు ఆన్‌లైన్ వ్యాపారం నేర్చుకున్నవాడు ఆన్‌లైన్ వ్యాపారం నేర్పే పనిలో పడుతున్నాడు. ఇంతకీ గురువుగారు ఏం అమ్మి సంపాదించారయ్యా అంటే, ఎలా సంపాదించాలో చెప్పే కోర్సు అమ్మి!

ఆదివారం వెబినార్ 99 రూపాయలు. మొదటి గంట ఆయన పేదరికం, రెండో గంట ఆయన కారు. ఆదాయం స్క్రీన్‌షాట్ ఘనంగా చూపిస్తారు. ప్రకటనల ఖర్చెంత అని అడిగినవాణ్ని ‘నెగటివ్ మైండ్‌సెట్’ అని మ్యూట్ చేస్తారు. అసలు సంగతి అడ్వాన్స్‌డ్ కోర్సులో ఉందట. దాని ధర 49,999, ఈ రాత్రికి మాత్రం 4,999. పక్కనే ఎర్ర అంకెల గడియారం: ఇంకా 14 నిమిషాలే! పేజీ ఒక్కసారి రిఫ్రెష్ చేసి చూడండి, మళ్లీ నిండుగా 15. కాలాన్నే వెనక్కి తిప్పినవాడికి మన జేబు ఒక లెక్కా?

ఇలా లేని తొందర పెట్టడాన్ని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులోనే, ఆన్‌లైన్‌లో కొనేవాళ్లను మభ్యపెట్టే 13 ‘డార్క్ ప్యాటర్న్‌’ల జాబితాలో మొట్టమొదట చేర్చింది. గురువుగారు ఆ జాబితా చదివే ఉంటారు. (సిలబస్ అనుకున్నారేమోనని నా అనుమానం.)

డబ్బు వాపసు అడిగితే ఇంకో దారి చూపిస్తారు: మీరూ నలుగుర్ని చేర్పించండి, తలకింత కమీషన్. ఆ నలుగురిలో మొదటి ఫోను బావమరిదికే. పండక్కి అల్లుడొస్తున్నాడంటే మామలు ముందుగా వైఫై ఆపేస్తున్నారని వినికిడి.