అన్న పుట్టిన సంవత్సరం

మా పాలమూరులో నాయకుడి జీవితకథ చెప్పలేని మనిషి ఉండడు. గద్వాల కోట ముందు చాయ్ తాగేవాణ్ణి అడగండి. వనపర్తిలో రాజాగారి ప్యాలెస్‌లో నడిచే పాలిటెక్నిక్ బయట జిరాక్స్ తీసే పిల్లవాణ్ణి అడగండి. నాగర్‌కర్నూలు కేసరిసముద్రం కట్ట మీద పొద్దున్నే నడిచే పింఛనుదార్లను అడగండి. నాయకుడు ఏ బడిలో చదివిండు, ఏ సారు చేత తన్నులు తిన్నడు, మొదటి ఎలక్షన్‌కు ఏ చెలక అమ్మిండు, గెలిచినంక దాని పక్కన ఎన్ని చెలకలు కొన్నడు, అన్నీ సర్వే నంబర్లతో సహా చెప్తారు. అడగకపోయినా చెప్తారు. ఇంత విజ్ఞానం పొంగిపొర్లే నేల మీద అదే నాయకుడి గురించి తెలుగు వికీపీడియాలో వ్యాసం నాలుగు వాక్యాల దగ్గరే నిలబడిపోయి ఉంటుంది. ఎందుకంటే ఐదో వాక్యం రాయగానే దాని నెత్తిన "ఆధారం చూపాలి" అన్న ముద్ర పడుతుంది.

ఉద్యోగం నుంచి దిగినంక కొందరికి షుగరు వస్తుంది, కొందరికి భక్తి వస్తుంది. నాకు వికీపీడియా వచ్చింది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో ఎవరైనా రాయొచ్చు, రాసినదాన్ని ఎవరైనా కొట్టేయొచ్చు, కొట్టేసినదాని మీద ఎంతసేపైనా కొట్లాడొచ్చు. కొట్లాటకు ప్రత్యేకంగా ఒక చోటు కూడా ఉంది, దాని పేరు రచ్చబండ. పదవీ విరమణ చేసిన మనిషికి ఇంతకంటే ఏం కావాలి? చిక్కల్లా బతికున్నవాళ్లతోనే. 2005లో అమెరికాలో జాన్ సీగెంథాలర్ అనే పెద్ద జర్నలిస్టు, కెనెడీ సోదరుల హత్యల్లో తన మీద అనుమానం ఉండేదని తన గురించిన వ్యాసంలో చదువుకొని నివ్వెరపోయాడు. ఎవరో తమాషాకు రాసిన మాట నెలల తరబడి అట్లాగే పడి ఉంది. ఆ రభస తర్వాత నియమాలు బిగిశాయి. బతికున్న మనిషి గురించి ఆధారం లేని మాట, అందులోనూ పరువు తీసేది కనపడితే, చర్చ లేకుండా తీసేయాలి. చాయ్ హోటల్ సాక్ష్యం చెల్లదు. "నా కండ్లతోని చూసిన" అంటే అసలే చెల్లదు.

మంచిదే. కానీ ఆ నియమం రాసినవాళ్లు మా దిక్కు ఎన్నడూ ఎలక్షన్ చూసినట్టు లేరు.

పుట్టినరోజుతో మొదలుపెట్టండి. నాయకుడి పుట్టినరోజు తెలుసుకోవడం చిన్నపిల్లవాడికి కూడా సాధ్యమే. ఆ రోజు చౌరస్తాలో నిలబడితే ఆకాశం కనపడదు, అన్నీ ఫ్లెక్సీలే. పుట్టిన సంవత్సరమే దొరకదు. ఫ్లెక్సీ మీద సంవత్సరం వేసిన పాపాన ఎవడూ పోలేదు. ఫోటో చూసి అంచనా కడదామంటే, మనిషికి మనుమలు పుట్టినా ఫోటోకు ఇంకా మీసం నల్లగానే ఉంటుంది. అనుచరుణ్ణి అడిగితే "అన్నకు వయసుతో ఏం పని సారూ" అంటాడు. ఎన్నికల అఫిడవిట్టు ఉంది కదా అంటారేమో. అభ్యర్థులు తమ చదువు, ఆస్తులు, కేసులు ప్రకటించాలని 2002లో సుప్రీంకోర్టు చెప్పిన పుణ్యాన ఫారం 26 మన చేతికొచ్చింది. అందులో భార్య మెడలోని బంగారం గ్రాములతో సహా ఉంటుంది, ట్రాక్టరు నంబరు ఉంటుంది. వయసు మాత్రం "ఇన్ని ఏండ్లు" అని ఉంటుందే తప్ప ఫలానా తేదీన పుట్టినట్టు ఉండదు. రెండు ఎన్నికల అఫిడవిట్లు పక్కపక్కన పెట్టి లెక్క వేస్తే ఐదేండ్ల కాలంలో కొందరు మూడేండ్లే పెరుగుతారు. అధికారంలో ఉన్నన్నాళ్లు వయసు ఆగుతుందేమో, నాకు తెలియదు. అయినా మా తరంలో ఎవరిని నిలదీయగలం? బడిలో చేర్చుకున్న సారు పుట్టిన తేదీ ఏదంటే మా నాయనలు "కరువొచ్చిన యేడు" అనేవాళ్లు. సారు జూన్‌లోనో జూలైలోనో ఒక ఒకటో తారీఖు చూసి వేసేవాడు. మా క్లాసులో సగంమంది ఒకే రోజు పుట్టినాము.

సంవత్సరం వదిలి ఊరు పట్టుకుందాం, ఊరు ఎక్కడికీ పోదు కదా అనుకున్నాను. ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి సొంతూరు వంగూరు మండలం కొండారెడ్డిపల్లి. ఇవాళ అది నాగర్‌కర్నూలు జిల్లా. ఆయన పుట్టినప్పుడు అది మహబూబ్‌నగర్ జిల్లా, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం. 2016 అక్టోబరు 11న పాత జిల్లా చీలి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పుట్టాయి. అంటే ఈ మూడు జిల్లాల నాయకులందరూ తమ జిల్లా కంటే వయసులో పెద్దవాళ్లు. ఒకాయన వచ్చి "మహబూబ్‌నగర్ జిల్లాలో జన్మించాడు" అని రాస్తాడు. ఇంకొకాయన దాన్ని కొట్టేసి "నాగర్‌కర్నూలు జిల్లా" అంటాడు. మూడో ఆయన "ప్రస్తుత" అని ముందర చేర్చి ఇద్దరితోనూ తిట్లు తింటాడు. ఆ మూడో ఆయన సాధారణంగా నేనే. 1950లో పుట్టిన పెద్దమనిషైతే మరీ విడ్డూరం. హైదరాబాదు రాష్ట్రంలో పుట్టి, ఆంధ్రప్రదేశ్‌లో గెలిచి, తెలంగాణలో ఓడిపోతాడు. ఇన్ని రాష్ట్రాలు తిరిగినా ఇల్లు మాత్రం పీర్లచావిడి పక్కనే ఉంటుంది.

జీవితాలు సేకరించే తీట ఈ గడ్డకు కొత్తది కాదు. తెలంగాణలో కవులే లేరని ఎవరో అన్నందుకు సురవరం ప్రతాపరెడ్డి 1934లో గోలకొండ కవుల సంచిక వేసి, 354 మంది కవులను పేర్లు వివరాలతో సహా తెచ్చి ముందర నిలబెట్టారు. గూగుల్ లేదు, ఫోను లేదు. ఆయన 1952లో వనపర్తి నుంచి శాసనసభకు కూడా గెలిచారు. జీవితాలు సేకరించినవాడే నాయకుడైన సందర్భం మా దగ్గర ఉందన్నమాట. నాయకుడైనవాడు తన జీవితం ఆధారాలతో సేకరించి ఇచ్చే సందర్భం కోసం ఇంకా చూస్తున్నాను. అంతటి ఆయనకే పుట్టిన ఊరు కొన్నిచోట్ల బోరవెల్లి అని, కొన్నిచోట్ల ఇటిక్యాలపాడు అని కనపడుతుంది. ఇక ఫ్లెక్సీ నాయకుల సంగతి చెప్పేదేముంది.

ఇప్పుడు గద్వాలకు రండి. ఎవరు ఎప్పుడు ఎమ్మెల్యే అన్నది జీవితచరిత్రలో అన్నిటికంటే తేలికైన ముక్క అని మీరు అనుకుంటే, మీకు గద్వాల తెలియదు. 2018 ఎన్నికల్లో తెరాస నుంచి బండ్ల కృష్ణమోహన్‌రెడ్డి గెలిచారు, కాంగ్రెస్ నుంచి డి.కె. అరుణ ఓడారు. పత్రికలు దీన్ని అత్తాఅల్లుళ్ల పోరు అని రాసుకొని సంతోషించాయి. అఫిడవిట్టులో ఆస్తుల వివరాలు సరిగ్గా చెప్పలేదని అరుణ హైకోర్టుకు వెళ్లారు. 2023 ఆగస్టు 24న హైకోర్టు ఆయన ఎన్నిక చెల్లదంది, జరిమానా వేసింది, 2018 నుంచీ అరుణే ఎమ్మెల్యే అంది. అప్పటికే ఆ సభకు మిగిలింది కొద్ది నెలలే. సెప్టెంబరు 11న సుప్రీంకోర్టు ఆ తీర్పు మీద స్టే ఇచ్చింది. ఈ రెండు తారీఖుల నడుమ, వికీపీడియా వ్యాసం పక్కన ఉండే సమాచారపెట్టెలో 2018 ఎదురుగా ఏ పేరు రాయాలి? తీర్పు చూస్తే నాలుగున్నరేండ్ల కింది నుంచి ఒకరు. అసెంబ్లీలో కూర్చున్నది చూస్తే మరొకరు. స్టే వచ్చినంక మళ్లీ మొదటివారు. ఆ పెట్టె తయారుచేసినవాళ్లు పదవి, నియోజకవర్గం, ముందున్నవారు, తర్వాత వచ్చినవారు అని గడులు పెట్టారు. "స్టేలో ఉన్నవారు" అన్న గడి పెట్టలేదు.

నాకు ముచ్చటేసిన సంగతి ఇంకొకటి. ఇంగ్లీషు వికీపీడియా నియమాల ప్రకారం బతికున్న మనిషి గురించి కోర్టు కాగితాలు, సర్కారు దస్త్రాలు నేరుగా పట్టుకొని రాయకూడదు. వాటిని చదివి ఎవరైనా ప్రచురించింది ఉంటే దాన్ని చూపాలి. మొదట్లో నాకు ఒళ్లు మండింది. నోటరీ ముందు ప్రమాణం చేసి సంతకం పెట్టిన కాగితం పనికిరాదట, దాన్ని హడావుడిగా చదివి వార్త పంపిన కుర్రాడి మాట పనికొస్తుందట! గద్వాల కేసు చదివినంక చల్లబడ్డాను. ప్రమాణం చేసిన కాగితం మీదే హైకోర్టు దాకా వెళ్లి పంచాయితీ జరిగినప్పుడు, దాని మీద నేను జీవితచరిత్ర కట్టడం ఏం తెలివి?

కథ అక్కడ ఆగలేదు. 2023లో కృష్ణమోహన్‌రెడ్డి, తెరాస పేరు మారి అయిన బీఆర్‌ఎస్ నుంచే మళ్లీ గెలిచారు. 2024 జూలై మొదటి వారంలో కాంగ్రెస్‌లో చేరినట్టు ఫోటోలతో వార్తలు. అదే నెలాఖరులో అసెంబ్లీలో బీఆర్‌ఎస్ నాయకుడు కేటీఆర్‌ను కలిశారు, తిరిగి బీఆర్‌ఎస్ గూటికి అని వార్తలు. మరి రెండుమూడు రోజులకే, లేదు కాంగ్రెస్‌తోనే అని వార్తలు. అన్నీ పేరున్న పత్రికలే, అన్నిటికీ లింకులున్నాయి. ఆధారాలు దొరకవని ఏడ్చేవాడికి ఇన్ని ఆధారాలు ఒక్కసారి దొరికితే ఇంకొక రకంగా ఏడవాల్సి వస్తుంది. పొద్దున రాసి పాలు తెచ్చుకొని వచ్చేసరికి వ్యాసం పాతబడేది. 2025 జూలై 31న సుప్రీంకోర్టు, ఇట్లాంటి పదిమంది ఎమ్మెల్యేల అనర్హత పిటిషన్లను మూడు నెలల్లో తేల్చమని స్పీకర్‌కు చెప్పింది. ఆ డిసెంబరులో స్పీకర్ కొందరి మీద పిటిషన్లను, పార్టీ మారారనడానికి ఆధారాలు లేవని కొట్టేశారు. వాళ్లలో గద్వాల ఎమ్మెల్యే ఉన్నారు. "ఆధారం చూపాలి" ముద్ర వేసే అలవాటు వికీపీడియాకే ఉందనుకునేవాణ్ణి, అసెంబ్లీలో కూడా ఉందని అప్పుడు తెలిసింది.

నాగర్‌కర్నూలులో కష్టం వేరు. 2018లో అక్కడ జనార్దన్‌రెడ్డి గెలిచారు. జనార్దన్‌రెడ్డి ఓడారు. రెండూ నిజమే, రెంటికీ ఆధారం ఉంది. గెలిచింది తెరాస మర్రి జనార్దన్‌రెడ్డి, ఓడింది కాంగ్రెస్ నాగం జనార్దన్‌రెడ్డి. పేరు కొట్టి వెతికితే ఉమ్మడి రాష్ట్రాన్ని ఏలిన నేదురుమల్లి జనార్దన్‌రెడ్డి, బళ్లారి గాలి జనార్దనరెడ్డి కూడా వచ్చి బల్ల మీద కూర్చుంటారు. పత్రికలేమో శీర్షికలో చోటు చాలక ఇంటిపేరు మింగేస్తాయి. ఆ ఇంటిపేరు మీదే కదా నా బతుకు ఆధారపడి ఉంది! నాగం తెలుగుదేశంలో ఎదిగి మంత్రి అయ్యారు. 2011లో బయటికొచ్చి తెలంగాణ నగారా సమితి పెట్టారు. 2012 ఉప ఎన్నికలో స్వతంత్రుడిగా గెలిచారు. ఆ తర్వాత భాజపా, 2018లో కాంగ్రెస్, 2023 అక్టోబరులో బీఆర్‌ఎస్. సమాచారపెట్టెలో "పార్టీ" అన్న గడిని ఒక్క మాట పట్టేటట్టు చేసినవాడు మా జిల్లావాడు మాత్రం కాదు. చివరికి 2023 నవంబరు ఎన్నికల్లో ఇద్దరు జనార్దన్‌రెడ్లూ ఒకే పార్టీలో ఉండగా కాంగ్రెస్ నుంచి కూచుకుళ్ల రాజేశ్‌రెడ్డి గెలిచారు. ఏ గందరగోళమూ లేని పేరు ఒకటి జాబితాలో చేరినందుకు నేను సంతోషించాను. ఇందులో పార్టీ ఏమీ లేదు, కంటి నొప్పే ఉంది.

వనపర్తిది చిన్న ముచ్చట. 2023లో కాంగ్రెస్ ముందు చిన్నారెడ్డి పేరు ప్రకటించి, తర్వాత మార్చి తూడి మేఘారెడ్డికి టికెట్టిచ్చింది. ఆయన గెలిచారు. మొదటి రోజు పేపరు కత్తిరించి పెట్టుకున్నవాడి దగ్గర "వనపర్తి కాంగ్రెస్ అభ్యర్థి చిన్నారెడ్డి" అని పక్కా ఆధారం ఉంటుంది. ఆ రోజుకు అది అబద్ధం కాదు.

నాయకుడే ఇచ్చిన వివరాలు తీసుకోవచ్చు కదా అని కొందరు సలహా ఇస్తారు. చట్టసభల్లో సభ్యుల పరిచయాలు అట్లా వచ్చేవే. చదివితే కడుపు నిండుతుంది. అభిరుచులు: పుస్తక పఠనం. వ్యాపకం: ప్రజాసేవ. ప్రత్యేక ఆసక్తి: పేదల అభ్యున్నతి. ఇన్ని వందలమంది పుస్తకాలు చదువుతుంటే మా ఊరి గ్రంథాలయంలో బీరువా తాళం తుప్పు ఎందుకు పట్టింది?

కాబట్టి మిగిలేది పత్రికే. అందులోనూ జిల్లా పేజీ. నాయకుడు కాలేజీలో సంఘం పెట్టింది, సర్పంచిగా గెలిచింది, పాదయాత్రలో కాలు బెణికింది, అన్నీ ఆ పేజీలోనే ఉంటాయి. ఆ పేజీ హైదరాబాదు వాళ్లకు రాదు. నెట్టులో కొన్నాళ్లుండి మాయమవుతుంది. పాత కాగితం కిలోల లెక్కన మిర్చిబజ్జీల బండికి పోతుంది. ఒకసారి బజ్జీ కింద నాకు కావలసిన వార్తలో సగం దొరికింది. తారీఖు ఉన్న సగం నూనెలో కరిగిపోయింది.

ఇంకో భయం కూడా ఉంది. 2009లో జర్మనీలో గుట్టెన్‌బర్గ్ అనే ఆయన మంత్రి అవుతుంటే, గూడ్సు బండంత పొడుగున్న ఆయన పేరులోకి ఎవరో వికీపీడియాలో "విల్‌హెల్మ్" అని ఒక డబ్బా ఎక్కువ తగిలించారు. తెల్లారి పత్రికలు ఆ పేరు అచ్చేశాయి. ఇటు వికీపీడియాలో అనుమానం వస్తే, అచ్చయిన పత్రికనే ఆధారంగా చూపించారు. జర్మనీవాళ్లే అట్లా చేయగా లేనిది మనకేం అడ్డు?

మొన్న ఒక నాయకుడి అనుచరుడు ఫోన్ చేశాడు. పేరు చెప్పను, నాయకుడి పేరు అసలే చెప్పను.

"సారూ, అన్న పేజీల అన్న కాలేజీల ప్రెసిడెంటుగ చేసిండని రాయుండ్రి."

"రాస్తా తమ్మీ. ఆధారం కావాలె."

"నేనే ఆధారం. గప్పుడు పోస్టర్లు అంటించింది నేనే."

"నువ్వు పనికిరావు. అచ్చులో ఉండాలె."

"అచ్చులనే కదా? ఇంతకుముందే చెప్పొద్దా సారూ!"

మూడోనాడు జిల్లా పేజీలో, కింద మూలకు, రెండు కాలాల వార్త వచ్చింది. విద్యార్థి దశలోనే నాయకత్వం, కళాశాల సంఘం అధ్యక్షుడు, ఫోటో, అంతా ఉంది. పైగా అందులో అన్న పుట్టిన సంవత్సరం కూడా ఉంది! నేను ఆ కత్తిరింపు తీసుకెళ్లి రచ్చబండలో పెట్టాను. అక్కడ ఒక పెద్దమనిషి ఉన్నారు, దేన్నీ నమ్మని మనిషి. "బాగుంది, కానీ ముప్పై ఏండ్ల కిందటి సంగతి ఈ విలేకరికి ఎట్లా తెలిసింది?" అని అడిగారు. నిజమే కదా అని విలేకరి నంబరు పట్టి ఫోన్ చేశాను.

"మీరు వికీపీడియాల రాసిండ్రని చెప్పిండ్రు సార్," అన్నాడతను. "గందుకే వేసినం. మీరు రాసిండ్రంటే ఆధారం లేంది ఉంటదా?"