శునక వైభవం

2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు వీధికుక్కను 'సామాజిక జంతువు'గా, అనగా ఏ ఒక్కరి సొత్తూ కాని ప్రాణిగా గుర్తించాయి. సుక్మా జిల్లా చింతలనార్ వంటి పల్లెల్లో మిగిలిన గంజి తాగి రాత్రంతా ఇళ్లు కాచే కుక్కకు ఆ హోదా ఎన్నడో దక్కింది గానీ, జీతం ఇంకా ఖరారు కాలేదు. అదే 'ఇండీ' జాతి, అనగా దేశవాళీ కుక్కపిల్ల, హైదరాబాదులో మురుగుకాలువ నుండి రక్షింపబడి అపార్ట్‌మెంటు చేరితే, కొద్ది నెలలకే ఏసీ లేనిదే కునుకు తీయదు, చికెన్‌లో ఎముక తగిలితే అలుగుతుంది, యజమానికి సోఫాపై చోటివ్వదు (రక్షణ ఎవరికి అవసరమన్నది వేరే చర్చ). పుట్టినరోజు తెలియదు కనుక దొరికిన తేదీనే వేడుక జరుపుతారు. చాక్లెట్‌లోని థియోబ్రోమిన్ అనే పదార్థం కుక్కలకు విషం కనుక దానికి ప్రత్యేక కేకు, ఆ విషపు కేకు బంధువులకు.