చివరి ట్రాలీకి నంబర్ ప్లేటు

ఒక ఇంజనుకు రెండు ట్రాలీలు కట్టొచ్చా అని మెట్‌పల్లి దారిలో చెరుకు బండి డ్రైవర్‌ను అడిగితే నవ్వుతాడు. "కట్టకపోతే డీజిల్ పైసలు ఎవలిస్తరు సారూ?" అంటాడు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ మాత్రం నవ్వడు. 2019లో సవరించిన చట్టం ప్రకారం బరువు మించితే 20 వేలు, మించిన ప్రతి టన్నుకూ మరో 2 వేలు. పైబరువు అక్కడే దించితే తప్ప బండి కదలదు.

అమెరికాలో పికప్ వెనక రెండో ట్రైలర్‌ను కొన్ని రాష్ట్రాలు ఒప్పుకుంటాయి, కొన్ని వద్దంటాయి. మన 1988 మోటారు వాహనాల చట్టం మాత్రం ముందుచూపున్నది. వరసగా ట్రైలర్లు తగిలించినప్పుడు లాగే బండి నంబరు చిట్టచివరి ట్రైలర్ మీద కనబడాలని 61వ సెక్షన్‌లో రాసిపెట్టింది. వెనకాల వచ్చేవాడికి ముందు లాగుతున్నదెవరో తెలియాలి కదా.

ఈ సెక్షన్ మెట్‌పల్లి దగ్గరి ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీకి బాగా పనికొస్తుంది. 1937లో బోధన్‌లో మొదలైన నిజాం షుగర్స్‌ను 2002లో ప్రైవేటు ఇంజనుకు కట్టారు. బోధన్ శక్కర్‌నగర్, మెదక్ దగ్గరి మంబోజిపల్లి, మన ముత్యంపేట, మూడు ట్రాలీలూ ఒకే హుక్కుకు. కంపెనీకి 51 శాతం, సర్కారుకు 49. 2015 డిసెంబరులో లే-ఆఫ్ నోటీసు పడింది, మూడూ ఆగిపోయాయి. ముత్యంపేట గేటుకు మాత్రం లాగినవాడి నంబరు ఎవరూ తగిలించలేదు.

అదే చట్టంలో ట్రాక్టర్‌కు నిర్వచనం ఉంది: తన మీద ఏ బరువూ మోయడానికి తయారు కానిది. చదవగానే నాకు కమిటీలు గుర్తొచ్చాయి. 2024 జనవరిలో వేసిన మంత్రివర్గ ఉపసంఘంతో సహా ఫ్యాక్టరీ తెరిపించడానికి వచ్చిన ఇంజన్లకు లోటు లేదు. చప్పుడుకూ లోటు లేదు. పిన్ను తగిలించేవాడే దొరకడం లేదు.

ఇంతకీ రెండో ట్రాలీ పాపం ఎవరిది? ఊరి పక్కన ఫ్యాక్టరీ తిరుగుతుంటే ఒక్క ట్రాలీతో పొద్దుగూకేలోపు రెండు ట్రిప్పులు కొట్టొచ్చు. చెరుకును కామారెడ్డి దాకా తోలాలంటే కిరాయే సగం తింటుంది. అందుకే చాలామంది చెరుకు మానేసి వరిలోకి దిగారు. వరి కల్లంలోనే ఉంటుంది, కొనేవాళ్లు వచ్చేదాకా తడుస్తూ ఉంటుంది. రోడ్డు మీద నేరం మాత్రం తగ్గింది. రవాణా శాఖ దీన్ని తన ఘనతగా రాసుకోవచ్చు.

127వ సెక్షన్ కూడా ఒకటుంది. నలుగురూ తిరిగే చోట పది గంటలకు మించి దిక్కులేకుండా వదిలేసిన బండిని పోలీసులు లాక్కెళ్లిపోవచ్చు. లాక్కెళ్లిన ఖర్చు యజమానే కట్టాలి. ముత్యంపేటకు ఈ సెక్షన్ వర్తింపజేస్తే కిరాయిలో 51 పైసలు ఎవరిస్తారు, 49 పైసలు ఎవరిస్తారు? దానికీ ఒక ఉపసంఘం వేయాలి.