గోత్రం: సముద్రం

హైదరాబాద్‌కు సముద్రం లేదు గానీ, సముద్రం చేప తప్ప ముట్టనివాళ్లకు కొదవ లేదు. ఏటా జూన్ 7, 8 తేదీల ప్రాంతంలో మృగశిర కార్తె వస్తుంది. ఆ రోజు చేప తినకపోతే ఏడాదంతా దగ్గాల్సి వస్తుందన్న భయంతో, నగరం నగరమంతా సంచులు పట్టుకుని చేపల మార్కెట్ మీద పడుతుంది.

మా అపార్ట్‌మెంట్ సెక్రటరీగారు కూడా వెళ్తారు. ఆయన మొప్ప ఎత్తి చూడరు. కన్ను తేటగా ఉందో, గుంట పడిందో పట్టించుకోరు. పెళ్లిచూపులకొచ్చిన పెద్దమనిషిలా గోత్రం ఒక్కటే అడుగుతారు.

"చెరువుదా, సముద్రందా?"

"పక్కా సముద్రం సార్! చందువ. రాత్రే దిగింది" అంటూ అమ్మేవాడు రూప్‌చంద్‌ను తోక పట్టి ఎత్తి చూపిస్తాడు. దాని పూర్వీకులది దక్షిణ అమెరికా. అది పుట్టి పెరిగింది మాత్రం మన చెరువులో. సెక్రటరీగారు తృప్తిగా తలూపి, చందువ రేటు చెల్లించి వస్తారు.

పాపం, అమ్మేవాడు మాత్రం ఏం చేస్తాడు? తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, పశ్చిమ తీరంలో జూన్ 1 నుంచి జూలై 31 దాకా మరపడవల వేటకు నిషేధం. అంటే జూన్ మొదటి రెండు వారాలు రెండు తీరాల్లోనూ బోట్లు ఒడ్డునే ఉంటాయి. చేపలు గుడ్లు పెట్టుకోవాలని ప్రభుత్వం ఇచ్చిన పురిటి సెలవది. సరిగ్గా అప్పుడే మనకు రాత్రి దిగిన సముద్రం చేప కావాలి. అడిగేవాడు మొండివాడైతే చెరువైనా సముద్రం అయిపోక తప్పదు.

చెరువు చేపంటే ముక్కు మూసుకునే ఇదే పెద్దమనిషి, పిల్లలు పెద్ద హోటల్‌కు తీసుకెళ్తే నార్వే సాల్మన్ ముక్కను కళ్లకద్దుకుని తింటారు. అదీ పెంపకం చేపేనండీ! సముద్రంలో వలల పంజరాలు కట్టి మేత వేసి పెంచుతారు. ఆ గులాబీ రంగు కూడా మేతలో కలిపిన రంగుపదార్థం చలవే. ఇక కొల్లేరు పక్కన మన శీలావతి, బొచ్చెలు తినేది ప్రధానంగా తవుడు, చెక్క. చిల్లులు పెట్టిన సంచుల్లో నింపి, కర్రలకు కట్టి నీళ్లలోకి దింపితే, చుట్టూ చేరి చిల్లుల దగ్గర మూతులు పెట్టి లాక్కుని తింటాయి. పంజరంలో పెరిగింది ప్రసాదం, చెరువులో పెరిగింది పాచి!

చెరువులవాళ్లందరూ పుణ్యాత్ములని నేననడం లేదు. 2000లోనే నిషేధించిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌ను దొంగచాటుగా కోళ్ల వ్యర్థాలు వేసి పెంచేవాళ్లు ఇప్పటికీ పట్టుబడుతున్నారు. ఫార్మలిన్ భయంతో 2018లో అస్సాం మన చేపల లారీలను కొన్నాళ్లు రానివ్వలేదు. అయితే ఫార్మలిన్ చెరువులో ఊరేది కాదు, పట్టిన తర్వాత చేప నిలవ ఉండాలని కొట్టేది. దానికి చెరువు చేపా, సముద్రం చేపా అన్న పట్టింపు లేదు. ఎగుమతి రొయ్యలో నిషేధిత యాంటీబయాటిక్ జాడ కనిపిస్తే విదేశాలు కంటైనర్‌ను తిప్పి పంపుతాయి. మన వీధిలో రొయ్యకు జరిగే పరీక్ష ఒక్కటే: ఉప్పూ కారం సరిపోయాయా?

పులస సంగతి సరేసరి. గుడ్లు పెట్టడానికి వరద గోదావరికి ఎదురీదే చేపను, కడుపులో గుడ్లుంటే మరీ ఎగబడి కొంటాం. ఆ తర్వాత, "ఈ మధ్య పులస దొరకడం లేదండీ" అని లొట్టలేస్తూనే బాధపడతాం.

కాబట్టి మహాశయులారా, ఈసారి మార్కెట్‌కు వెళ్తే చేప గోత్రం అడక్కండి. ఏం మేత వేశారు, ఏం మందు వాడారు, పట్టి ఎన్నాళ్లయింది, ఐసులోనే ఉంచారా అని అడగండి. నిషేధం రోజుల్లో సముద్రం చేప కోసం పట్టుబట్టకండి. గోత్రం అడిగేవాళ్లున్నంత కాలం, అబద్ధం చెప్పేవాళ్ల వ్యాపారానికి ఢోకా లేదు.