షరతులతో క్షమాభిక్ష

సీజన్‌లో ఆఖరి మ్యాచ్ కూడా ఓడిపోయాక, 2024 మే 19 ఆదివారం సాయంత్రం, బర్న్‌లీలో టర్ఫ్ మూర్ స్టేడియానికి కూతవేటు దూరంలో ఉన్న ఒక క్లబ్బులో ముగ్గురు కూర్చుని తమ టీమ్ మేనేజర్‌ని ఏం చేయాలో తేల్చడం మొదలుపెట్టారు. వాళ్లని ఎవరూ అడగలేదు. అడిగితేనే సలహా చెప్పాలన్న నియమం అభిమానులకి ఏ దేశంలోనూ లేదు.

ఉత్తర ఇంగ్లండ్‌లో లంకషైర్ ప్రాంతపు ఊరు బర్న్‌లీ. ఒకప్పుడు నూలు, మగ్గాలు, బొగ్గు. ఇప్పుడు ఆ మూడూ లేవు, ఫుట్‌బాల్ ఉంది. లక్ష జనాభా కూడా లేని ఊరికి ప్రీమియర్ లీగ్‌లో ఆడే జట్టు ఉండటమే గొప్ప. వారం కిందటే లండన్‌లో టోటెన్‌హామ్ చేతిలో 2-1తో ఓడి ఆ గొప్ప కాస్తా పోయింది. మొత్తం 38 మ్యాచ్‌లలో ఐదు గెలుపులు, 24 పాయింట్లు, ఇరవై జట్లలో పంతొమ్మిదో స్థానం. ఇక వచ్చే ఏడు కింది డివిజన్‌లో ఆట. పుండు మీద కారంలా, ఆఖరి మ్యాచ్‌లో నాటింగ్‌హామ్ ఫారెస్ట్ తరఫున రెండు గోల్సూ కొట్టినవాడు క్రిస్ వుడ్. రెండున్నరేళ్ల కిందటి దాకా బర్న్‌లీ జెర్సీ వేసుకున్నవాడే.

ముగ్గురిలో పెద్దాయన ఎనభై దగ్గరివాడు. నేతమిల్లులో పనిచేసి రిటైరయ్యాడు. 1960లో బర్న్‌లీ ఇంగ్లండ్ చాంపియన్ అయిననాటికి పదహారేళ్ల కుర్రాడు. ఆ తర్వాత చూసిందంతా దానికి కొసరే అంటాడు. ఆయన ముందు బెనెడిక్టిన్ గ్లాసు పొగలు కక్కుతోంది. ఫ్రెంచి మూలికల మద్యం అది. మొదటి ప్రపంచ యుద్ధంలో నార్మండీ తీరానికి వెళ్లిన లంకషైర్ సైనికులు ఆ రుచి మరిగి వచ్చారు. నాటి నుంచి బర్న్‌లీ జనం దాన్ని వేడినీళ్లలో కలుపుకుని తాగుతున్నారు. మ్యాచ్ రోజు స్టేడియంలోనూ అమ్ముతారు. మిగతా ఇద్దరూ బీరు మనుషులు. ఒకడు ప్లంబర్, ఇంకొకడు స్కూల్లో లెక్కల మాస్టారు.

"నేర్చుకునేవాడైతే ఈపాటికి నేర్చుకునేవాడు. వీడు మారడు," అన్నాడు ప్లంబర్.

వీడు అంటే విన్సెంట్ కొంపనీ. బెల్జియంవాడు, మాంచెస్టర్ సిటీకి ఏళ్ల తరబడి కెప్టెన్. 2022లో, జట్టు కింది డివిజన్‌లో ఉన్నప్పుడు, బర్న్‌లీకి మేనేజర్‌గా వచ్చాడు. అంతకుముందు దాదాపు పదేళ్లు ఆ కుర్చీలో ఉన్నవాడు షాన్ డైచ్. డైచ్ ఆటకి దాపరికాలు లేవు. గట్టిగా అడ్డుకో, ఎత్తుగా కొట్టు, పొడుగాటివాడు తలతో అందుకుంటాడు. ఆ ఆటతోనే 2018లో ఏడో స్థానంలోకి తెచ్చి యూరప్ పోటీలకి పంపితే, స్టేడియం దగ్గరి ఒక పబ్బు పేరే మార్చి 'రాయల్ డైచ్' అని పెట్టుకున్నారు. కొంపనీ వచ్చి ఇదంతా తిరగేశాడు. బంతి గోల్‌కీపర్ కాళ్ల దగ్గర మొదలై, చిన్న చిన్న పాసులతో, ఒకరి నుంచి ఒకరికి అందుతూ ముందుకు రావాలన్నాడు. కింది డివిజన్‌లో అది అమృతంలా పనిచేసింది. 46 మ్యాచ్‌లలో మూడే ఓటములు, 101 పాయింట్లు. టైటిల్ ఖాయమైంది కూడా ఎక్కడో కాదు, ఆజన్మ శత్రువు బ్లాక్‌బర్న్ సొంత మైదానంలో. (ఆ బ్లాక్‌బర్న్ యజమానులు మనకి తెలిసినవాళ్లే. హైదరాబాద్‌లో మొదలుపెట్టి కోళ్ల వ్యాపారాన్ని సామ్రాజ్యం చేసిన బి.వి.రావు కుటుంబం, వెంకీస్. వాళ్లు కొన్న రెండో సీజన్‌లోనే, 2012లో, జట్టు డివిజన్ పడిపోతుంటే అభిమానులు క్లబ్బు జెండా కప్పిన బతికున్న కోడిని మైదానంలోకి వదిలారు. బర్న్‌లీలో ఆ కోడి కథ ఇప్పటికీ చెప్పుకుంటారు, పండగ పూట చెప్పుకున్నట్టు.)

అయితే పై డివిజన్ వేరు. అక్కడ కొంపనీ పిల్లల్ని కొని తెచ్చి అదే ఆట ఆడించాడు. సొంత మైదానంలో మొదటి ఏడు మ్యాచ్‌లూ వరసగా ఓడారు. ఏడోదైన వెస్ట్ హామ్ మ్యాచ్‌లో 86వ నిమిషం దాకా ముందుండి మరీ ఓడారు.

"మురిచ్ గోలు మర్చిపోయావా?" అన్నాడు ప్లంబర్.

ఎలా మర్చిపోతారు? ఏప్రిల్ 13న బ్రైటన్‌తో మ్యాచ్. గెలిస్తే ఆశ మిగిలే రోజు. బర్న్‌లీ 1-0తో ముందుంది. సాండర్ బెర్గె గోల్‌కీపర్ మురిచ్‌కి బంతి వెనక్కిచ్చాడు. మీద ఒత్తిడి పెద్దగా లేదు, బంతిలో వేగమూ లేదు. మురిచ్ కాలెత్తి, బూటు అడుగున తొక్కిపెట్టబోయాడు. బంతి ఆ బూటు కిందనుంచే జారి, తొందరేం లేనట్టు దొర్లుకుంటూ గోల్లోకి పోయింది. వెనక్కి తిరిగి పరుగెత్తాడు గానీ అప్పటికే గీత దాటింది. దానికి ముందు వారం ఎవర్టన్‌తో ఇంకో ముచ్చట. బంతి దగ్గర పెట్టుకుని తాత్సారం చేసి కొడితే, అది మీదికొచ్చిన స్ట్రైకర్‌కి తగిలి గోలైంది. అదే మ్యాచ్‌లో ఏకైక గోలు. అవతల ఎవర్టన్ మేనేజర్ ఎవరనుకున్నారు? డైచ్!

"అదే బ్రైటన్ మ్యాచ్‌లో మన గోలు ఎలా వచ్చిందో అది కూడా చెప్పు," అన్నాడు మాస్టారు. "వాళ్ల కీపర్ కూడా కాళ్లతో ఆడబోయి మన బ్రౌన్‌హిల్‌కి కొట్టాడు. అంచేత వచ్చింది. ఇవాళ ప్రపంచమంతా ఇలాగే ఆడుతోంది."

"ఆడనీ. డివిజన్ దిగింది ప్రపంచం కాదుగా, మనం!"

మాస్టారు దగ్గర ఒక బలమైన పాయింటు ఉంది. 2015లో డైచ్ కూడా ఇలాగే దిగిపోయాడు. క్లబ్బు తీసెయ్యలేదు. మరుసటి ఏడాదే చాంపియన్‌గా తిరిగొచ్చాడు, ఆ తర్వాతే యూరప్. కొంపనీ వయసు 38. కాంట్రాక్టు 2028 దాకా ఉంది. పైకెక్కిన మూడు జట్లూ ఆ ఏడు దిగిపోయాయి, బర్న్‌లీ ఒక్కటే కాదు. మనిషి తెలివైనవాడు, ఒక ఏడాది దెబ్బలు తిన్నాడు, ఇక సర్దుకుంటాడు.

"డైచ్ సర్దుకున్నాడంటే, తను ఎక్కడున్నాడో తెలిసినవాడు కాబట్టి. ఈయన ఇంకా మాంచెస్టర్ సిటీలోనే ఉన్నాననుకుంటున్నాడు. ట్రాఫర్డ్ అంత మంచి కీపర్, అండర్-21 యూరో ఫైనల్లో పెనాల్టీ ఆపినవాడు. వాణ్ణి కూర్చోబెట్టి మురిచ్‌ని దించాడే, ఎందుకు? తప్పు కీపర్‌ది కాదు, ఆటది. ఆట మార్చకుండా మనిషిని మారిస్తే ఏం లాభం?"

ఇది మాత్రం మంచి మాటే. మాస్టారు దానికి జవాబు చెప్పకుండా బీరు తెచ్చుకోడానికి లేచాడు.

వాదన రెండు గంటలు సాగింది. పక్క బల్లలవాళ్లు కుర్చీలు లాక్కొచ్చారు. బల్ల మీది ఉప్పుడబ్బా సెంటర్ బ్యాక్ అయింది, గ్లాసులు మిడ్‌ఫీల్డ్ అయ్యాయి, వెనిగర్ సీసా ఎంతసేపటికీ ఒంటరిగా నిలబడిన స్ట్రైకర్ అయింది. చివరికి పెద్దాయన చెయ్యెత్తాడు.

"నా మాట వినండి. వాడు తప్పులు చేశాడు. ఆ తప్పులకి టికెట్ కొన్నది మనం. ఇప్పుడు వెళ్లగొడితే ఆ నేర్చుకున్నదంతా ఇంకెక్కడో ఉపయోగపడుతుంది. ఫీజు మనం కట్టి, పట్టా ఇంకొకరికివ్వడం ఏం తెలివి? దిద్దుకునేది కూడా మన దగ్గరే దిద్దుకోవాలి."

ఓటింగ్ పెట్టారు. బీరు గ్లాసుల కింద వేసే అట్టముక్కల వెనక రాసి టోపీలో వేశారు. ఒక్క ఓటు తేడాతో మేనేజర్ నిలబడ్డాడు. ఊరికే కాదు, షరతులతో. ఒకటి, ఒత్తిడి ఉన్నప్పుడు కీపర్ బంతిని సిగ్గుపడకుండా దూరంగా కొట్టాలి. రెండు, అసలు సిసలు సెంటర్ ఫార్వర్డ్ ఒకణ్ణి కొనాలి. మూడు, పిల్లల్ని కొనడం తగ్గించి గడ్డం వచ్చినవాళ్లని కొనాలి. నాలుగోది ప్లంబర్ పట్టుబట్టి రాయించాడు, 'తప్పు జరిగింది' అని నోటితో ఒప్పుకోవాలి.

కౌంటర్ వెనకున్నావిడ గ్లాసులు తుడుస్తూ ఇదంతా వింటోంది.

"మీరంతా ఉంచుకుంటామంటున్నారు సరే, ఆయన ఉంటానన్నాడా?" అంది.

క్లబ్బంతా గొల్లుమంది. ప్లంబర్‌కైతే పొలమారింది. "ఎక్కడికి పోతాడమ్మా? 24 పాయింట్లవాణ్ణి ఎవడు పిలుస్తాడు?"

మాస్టారు ఆ రాత్రే క్లబ్బు యాజమాన్యానికి ఉత్తరం రాశాడు. అచ్చమైన ఇంగ్లీషు మర్యాదతో, అభిమానులు పెద్ద మనసు చేసుకుని మేనేజర్‌కి మరొక అవకాశం ఇవ్వడానికి అంగీకరిస్తున్నారనీ, షరతులు ఈ దిగువన ఉన్నాయనీ. సోమవారం పొద్దున స్కూలుకి పోతూ ఎర్ర డబ్బాలో వేశాడు.

వారం తిరక్కుండా వార్త వచ్చింది. కొంపనీ కోసం బయర్న్ మ్యూనిక్ అడుగుతోంది.

అంతకుముందు వరసగా 11 ఏళ్లు జర్మనీ చాంపియన్ అయిన క్లబ్బు అది. ఆ ఒక్క ఏడు మూడో స్థానంలోకి జారితే ఊరు మునిగినంత గోల చేసి, కొత్త మేనేజర్ కోసం వేట మొదలుపెట్టింది. షాబీ అలోన్సో లెవర్‌కుసెన్ వదలనన్నాడు. నాగెల్స్‌మన్ జర్మనీ జాతీయ జట్టుతోనే ఉంటానన్నాడు. రాంగ్నిక్ ఆస్ట్రియా చాలన్నాడు. గ్లాస్నర్‌ని క్రిస్టల్ ప్యాలెస్ ఇవ్వనంది. పంపించేస్తున్న టుకెల్‌నే ఉండమని బతిమాలితే అదీ కుదరలేదు. సంబంధాలన్నీ తప్పిపోయి ముహూర్తం ముంచుకొచ్చిన పెళ్లివారిలా, వాళ్లు బర్న్‌లీ గుమ్మం తొక్కారు.

ప్లంబర్ మొదట నమ్మలేదు. నమ్మాక ఈ 'ఎవరూ దొరక్క' అన్న మాటని పట్టుకుని వేలాడాడు. మే 29న సంతకాలయ్యాయి, మూడేళ్ల ఒప్పందం. మామూలుగా డివిజన్ దింపిన మేనేజర్‌ని పంపాలంటే క్లబ్బే ఎదురు డబ్బిచ్చుకోవాలి. ఇక్కడ బయర్న్‌వాళ్లే బర్న్‌లీకి కోటి యూరోలకి పైగా కట్టారని పత్రికలు రాశాయి. మాస్టారి ఉత్తరానికి మాత్రం జవాబు రాలేదు. క్షమాభిక్ష అందుకోడానికి మనిషి ఊళ్లో లేడు మరి.

ఆ వేసవిలో స్కాట్ పార్కర్ వచ్చాడు. పార్కర్ చరిత్ర ఏమంత గొప్పగా లేదు. ఫుల్హామ్‌తో డివిజన్ దిగాడు, బోర్న్‌మత్‌లో ఉండగా లివర్‌పూల్ చేతిలో 9-0 తిని ఉద్యోగం పోగొట్టుకున్నాడు. కానీ ఇక్కడ ప్లంబర్ దేన్ని కోరుకున్నాడో సరిగ్గా అదే చేశాడు. తలుపులు మూశాడు. 46 మ్యాచ్‌లలో జట్టు ఇచ్చుకున్న గోల్స్ 16. ముప్ఫై మ్యాచ్‌లలో అవతలివాళ్లకి అసలు గోలే లేదు. గోల్‌కీపర్ ఎవరు? పక్కన కూర్చోబెట్టిన ఆ ట్రాఫర్డే. 100 పాయింట్లతో పై డివిజన్‌కి తిరిగొచ్చారు. లీడ్స్‌కీ సరిగ్గా 100. గోల్స్ తేడాతో టైటిల్ లీడ్స్‌కి పోయింది, అదీ ఆఖరి రోజు ఆఖరి నిమిషాల్లో.

మర్నాడు, 2025 మే 4 ఆదివారం. అదే క్లబ్బు, అదే ముగ్గురు. మాస్టారు ఫోన్ చూసి నవ్వాడు. లెవర్‌కుసెన్ మ్యాచ్ డ్రా అయింది, బయర్న్ మళ్లీ జర్మనీ చాంపియన్. కొంపనీకి మొదటి ఏడాదిలోనే టైటిల్. కాళ్లతో ఆడే కీపరు, వెనకనుంచి చిన్న పాసులు, ఏదీ మార్చుకోలేదు. వెనిగర్ సీసా ఉన్నచోట హ్యారీ కేన్ ఉన్నాడు, అంతే తేడా.

"నాలుగు షరతుల్లో ఒకటి నెరవేర్చాడు. సెంటర్ ఫార్వర్డ్!" అన్నాడు మాస్టారు.

ప్లంబర్‌కి అది వినే ఓపిక లేదు. "వాడి సంగతి వదిలెయ్. మన సంగతి చూడు. వంద పాయింట్లు వచ్చీ టైటిల్ లేదు. ఎందుకు? గోల్స్ లేక! ఏడాదంతా సున్నా-సున్నాలు చూసి చూసి స్టాండ్‌లో కునుకు తీశాను. అడ్డుకోవడం తప్ప ఈ పార్కర్‌కి ఇంకేం రాదు. అసలు ఆటంటే ఎలా ఉండాలి? కీపర్ కాళ్ల దగ్గర మొదలై, చిన్న చిన్న పాసులతో, ఒకరి నుంచి ఒకరికి..."

బల్ల చుట్టూ ఎవరూ మాట్లాడలేదు. ప్లంబర్ ఇంకా గొంతు పెంచాడు. "మీరే చెప్పండి, ఈ మనిషికి ఎత్తుగడలొచ్చా? వచ్చే ఏడు నేర్చుకుంటాడా? నన్నడిగితే..."

పెద్దాయన గ్లాసు కింద పెట్టి, కంగారుగా అతని చెయ్యి పట్టుకున్నాడు.

"మెల్లిగా తిట్టరా బాబూ! రియల్ మాడ్రిడ్‌వాళ్లు మేనేజర్ కోసం వెతుకుతున్నారట!"